తొమ్మిదేండ్ల మునిప్రసాదు

రేణిగుంట,
18 జూన్ 2025.

అక్కకు దండం పెట్టి తమ్ముడు రాసేది.

చేతిరాత చూసి ఎవుడో అనుకోవద్దు, నాదే. పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతా ఉండాయి, నువ్వే విడదీసి చదువుకో.

పోయిన వారం తిరుపతిలో గొంతు ఆపరేషన్ అయ్యె. ముందే చెప్పి ఉంటే నువ్వు కుట్టు మిషన్ ఆపేసి బస్సెక్కేస్తావని చెప్పలా. ఇరవై ఆరేండ్లుగా మైకు ఆటోలో అరిసి అరిసి లోపల చింతగింజంత కాయ లేసిందంట. తీసేసినారు. డాక్టరు ఒకటే మాట చెప్పినాడు. రెండు నెలలు నోరు మెదపకూడదు. గుసగుస కూడా వద్దు. ఒక్క మాట జారినా మళ్ళీ మొదటి నుంచి రెండు నెలలు.

అందుకని ఈ జాబు. నీ ఫోనులో తెలుగు అక్షరాలు రావు. నీ మరదలు రూపశ్రీ చేత ఫోన్ చేయిద్దామంటే, దాని చెల్లెలి పెండ్లిలో నువ్వు జాకెట్టు మెడ లోతు పెట్టినావని మీ ఇద్దరికీ నాలుగేండ్లుగా మాటల్లేవు. ఇంట్లో ముగ్గురు మనుషులు మాట్లాడుకోకుండా ఉండేది ఇదే సూస్తా ఉండా. అందులో నేనొక్కడే డాక్టరు చీటీతో.

మెడలో పలక ఒకటి తగిలించుకున్నా. ఏం కావాలన్నా దాని మీద రాసి చూపిస్తా. రూపశ్రీకి బాగానే ఉన్నట్టుండాది. పెండ్లైనప్పటి నుంచి ఇంత మంచి జూన్ నెల చూడలేదని పక్కింటామెతో అంటా ఉంటే విన్నా.

ఊరికే కూచుంటే మనిషి ఆలోచన చేస్తాడని నాకెవురూ చెప్పలా. ఇన్నేండ్లు మాట్లాడతానే ఉంటి, ఆలోచనకు సందు యాడిది? నిన్న గడ్డం గీసుకుంటా అద్దంలో సూస్తే తొమ్మిదేండ్ల మునిప్రసాదు గుర్తొచ్చినాడు. కాకీ నిక్కరు, మోకాలి మీద పుండు. వాడు ఇప్పుడు నన్ను సూస్తే ఏమనుకుంటాడు? నా అంతటోన్ని అవుతానని గొప్పగా అనుకుంటాడా, మొగం తిప్పుకుంటాడా? వాన్ని సంకనేసుకొని తిరిగినదానివి నువ్వు. నాకన్నా నీకే బాగా తెలుసు.

బాగా ఆలోచించి రాయి. తొందరేం లేదు. నాకింకా రెండు నెలలు ఉండాది, డాక్టరే చెప్పినాడు.

బావకు దండాలు.

ఇట్లు,
నోరు మూసుకున్న నీ తమ్ముడు
మునిప్రసాద్.


చిత్తూరు,
24 జూన్ 2025.

అబ్బోడు ప్రసాదుకు, నూరేండ్లు సల్లగా ఉండమని అక్క దీవించి రాస్తా ఉండాది.

నీ జాబు మూడు మార్లు చదివినా. నాలుగో మారు మీ బావ చేత చదివించుకుంటి. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "ధైర్యంగా ఉండాల పంకజాక్షీ" అన్నాడు. ధైర్యంగానే ఉండా. నీకు మొన్న కనకాంబరం రంగు గుడ్డలు తెమ్మని చెప్పుంటిని గదా, వద్దులే. ఎవురికి కుట్టాల ఇప్పుడు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆ తొమ్మిదేండ్లోడు నిన్ను సూస్తే గంతులేస్తాడు. ఎట్లాంటి గొంతు నీది. రేణిగుంటలో నువ్వు "రండమ్మా రండి" అంటే చంద్రగిరిలో ఆడోళ్ళు చెప్పులేసుకుంటారని జనం అనుకుంటారు. నీ మనసు మంచిది. నీ ముక్కు గురించి చిన్నప్పటి నుంచి నేను అన్న మాటలన్నీ తప్పు. మంచి ముక్కు. ఆ పచ్చ చొక్కా కూడా నీకు బాగుంటాది. అటక మీద బెల్లం నువ్వు తిన్నావని అమ్మ కొట్టిందే, అది తిన్నది నేను.

ఇంకేమన్నా అడగాలనుంటే ఇప్పుడే అడుగు. మనసులో ఏదీ పెట్టుకోవద్దు.

మన ఊర్లో పక్కింట్లో ఉండిన సుబ్బులమ్మ లేదూ, ఈడ గిరింపేటలో కొడుకు కాడ ఉంటాది. నిన్న జాకెట్టు గుడ్డ తెచ్చి ఇచ్చె. ఎనభై ఏండ్లొచ్చినా నా కాడే కుట్టించుకుంటాది. నోట్లో గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఆ ఎనభై ఆరులో ఆమె చేసిన పని మొగానే అడిగేసి ఉందును. ఆమెకు బుద్ధి చెప్పేది నా చేతుల్లో ఉండాది, చెప్తానే ఉండా.

నేను చేయాల్సింది ఒకటి ఉండాది, చేస్తా. ఏందని అడగొద్దు. బయటికి చెప్తే ఫలం ఉండదు.

నీ గురించి దిగులు ఏమాత్రం పడని
అక్క.


రేణిగుంట,
4 జూలై 2025.

అక్కకు ఒకటికి రెండు దండాలు.

నీ జాబు చదివి రూపశ్రీకి చూపించినా. "మీ అక్క రాసిందేనా ఇది?" అనె. నాకూ అదే అనుమానం. నలభై ఎనిమిదేండ్లలో నా ముక్కు గురించి నువ్వు ఒక మంచి మాట అనింది లేదు. ఏమైనా సంతోషమే. ఆ పొద్దంతా పచ్చ చొక్కా ఏసుకొని తిరిగినా.

ఈడ ఒక చిక్కొచ్చి పడె. అమర్‌నాథ్ తెలుసు గదా, స్టేషను రోడ్డులో బట్టల షాపాయన, పన్నెండేండ్లుగా ఆయన షాపుకు నేనే మైకు. ఆయన నన్ను సూసి, పలక సూసి, "ఎన్నాళ్ళు?" అన్నాడు. రెండు నెలలు అని రాసినా. ఆయన చెప్పులు ఇడిచి నిలబడె. "ఇంత మాట్లాడే మనిషి మౌనం పట్టినాడంటే మాటలా?" అన్నాడు. డాక్టరు అని రాసేలోపల పోయి బజారంతా చెప్పేసె.

మరుసటి రోజు ఒకామె కొబ్బరికాయతో వచ్చె. కూతురికి రెండు సంబంధాలు వచ్చినాయంట, ఒకటి మేనరికం, ఇంకోటి కొత్తది, ఏది చేయాలని అడిగె. నా పలక మీద అప్పటికే రూపశ్రీకి తెమ్మని రాసిన సరుకు ఉండాది. "చింతపండు. పాతది వద్దు." ఆమె చింతపండు సూళ్ళా. పాతది వద్దు అనేది సూసి, కండ్లకద్దుకొని పాయె. మేనరికం వద్దనుకున్న మూడో నాడే ఆ పిల్లోడు ఎవుర్తినో రిజిస్టరు పెండ్లి చేసుకున్నాడని తెలిసె.

ఇంక సూడు. పొద్దున లేస్తే మా గేటు కాడ పది జతల చెప్పులు. నేను చెయ్యి ఊపితే ఆశీర్వాదం, ఊపకపోతే పరీక్ష. నా ఆటో తోలే ఏబెలు చర్చికి పోయే మనిషి, వాని చేత కూడా క్యూ పెట్టిస్తా ఉండారు. ఏబెలు చెప్పి సూసినాడు, "అన్నకు గొంతులో ఆపరేషన్ అయింది" అని. వాళ్ళు, "స్వాములు అట్లాగే చెప్పించుకుంటారు" అన్నారు.

ఆ తోపులాటలో జూన్ 24న ఒకాయన కొబ్బరికాయ నా కాలి బొటనేలు మీద పడి, "అమ్మా" అనేసినా. డాక్టరు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టమన్నాడు. ఆగస్టు 24 ఆదివారం దాకా పొడిగింపు.

ఆ తొమ్మిదేండ్లోని గురించి నువ్వు రాసింది బాగుండాది. కానీ నువ్వు వాన్ని మరీ మంచోన్ని చేసినావు. నాకు ఇంకో మాదిరి గుర్తుండాది వాడు.

ఇట్లు,
కాలికి కట్టు కట్టుకున్న తమ్ముడు
ప్రసాద్.


చిత్తూరు,
11 జూలై 2025.

అబ్బోడా,

ఎక్కువ రాయలేను. కాళ్ళు రెండూ కొయ్యబారిపోయినాయి, మంచం దిగను కూడా కష్టంగా ఉండాది. తల తేలికయ్యింది. మనసు నిమ్మళంగా ఉండాది. ఏం జరిగినా ఆయన చూసుకుంటాడు.

పొడిగింపు వచ్చిందని రాసినావు. చదవతానే మీ బావా నేనూ పటానికి దండం పెట్టుకున్నాం. మా మొక్కే పనిచేసిందనుకుంటా. ఏం మొక్కని అడగొద్దు.

పథ్యం గిథ్యం అని నాలిక కట్టుకోవద్దు. ఏం తినాలనిపిస్తే అది తిను. నాటుకోడి పులుసు, సంగటి చేయించుకో. చేసేదానికి రూపశ్రీ ముక్కితే నా పేరు చెప్పు. వద్దు, చెప్పొద్దు.

జనం నీ కాళ్ళ మీద పడతా ఉంటే పడనీ. పోయే ముందర ఎవురికి దొరుకుతాది ఇట్లాంటి గౌరవం.

అక్క.


రేణిగుంట,
20 జూలై 2025.

అక్కా,

ఈ జాబు ఒకదానివే కూచొని చదువు. బావను కూడా పక్కన పెట్టుకోవద్దు.

మంగళవారం ఏబెలు చిత్తూరుకు మామిడి బుట్టలేసుకొని వచ్చి, నిన్ను సూసి పోదామని మీ షాపు కాడికి వచ్చినాడు గదా. తిరిగొచ్చి నా ముందర నిలబడి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అన్నా, అక్క తలకు గుడ్డ కట్టుకోనుండాది. ఒక్క వెంట్రుక లేదు. చిక్కిపోయింది. గోడ పట్టుకొని నడస్తా ఉండాది. ఏమైందక్కా అంటే, అంతా దేవుని దయ, రావల్సిన టయానికి వస్తాది, తొందరపడితే వస్తాదా అనింది" అన్నాడు.

ఎందుకు దాచినావక్కా? మందులకు జుట్టు ఊడిపోయే జబ్బు ఏందో ఈ రోజుల్లో పిల్లోళ్ళకు కూడా తెలుసు. ఇప్పుడు అర్థమాయె నా ముక్కును ఎందుకు మెచ్చుకున్నావో. పోయే ముందర అందరితో మంచిగా ఉండాలనుకుంటా ఉండావు. గొంతెత్తి ఏడ్చేదానికి కూడా లేదు నాకు, ఏడిస్తే మళ్ళీ మొదటి నుంచి రెండు నెలలు. గోడకు తిరిగి నోట్లో తువ్వాలు కుక్కుకొని కూచుంటే, భక్తులు సమాధి అనుకొని హారతిచ్చినారు.

నీతో ఒకటి చెప్పాల. ముప్పై తొమ్మిదేండ్లుగా చెప్పలేదు. నువ్వు తెలుసుకోకుండా పోకూడదు.

ఎనభై ఆరు ఆగస్టు పదిహేనుకు స్కూల్లో మైకులో మాట్లాడమని రాఘవమ్మ టీచరు నిన్ను ఎంచుకునింది. నువ్వు పదైదు రోజులు గొడ్ల కొట్టంలో ఇత్తడి చెంబు మూతికి పెట్టుకొని చదువుకున్నావు. నీకు పద్నాలుగు. నేను గడ్డివామి మీద కూచొని వింటా ఉంటి. రవంతసేపు చెంబు నాకీ అక్కా అంటే, "పోరా, ఇది మైకు" అని తరిమేస్తివి.

పద్నాలుగో తేదీ సాయంత్రం నాయన తావకు పోయి నేనే చెప్పినా. "అక్క రేపు మొగోళ్ళ ముందర మైకులో అరుస్తాదంట" అని. సుబ్బులమ్మ కాదక్కా. ఆమెకు ఏమీ తెలీదు. తెల్లారి మొదటి బస్సుకు నాయన నిన్ను అవ్వగారింటికి పంపించేసె. నువ్వు కిటికీలో నుంచి స్కూలు పక్కకు సూస్తా పోయినావు. రాఘవమ్మ టీచరు తలకొట్టుకుంటా ఉంటే, "నాకంతా వచ్చు టీచర్" అంటిని. నువ్వు చదవంగా విన్నది గదా, ఒక్క మాట తప్పు లేకుండా చెప్పినా. సబ్బుపెట్టె ప్రైజిచ్చినారు. ఆ రోజు మైకులో నా గొంతు నాకే వినపడె. ఆడి నుంచి ఈ ఆటో దాకా వచ్చినా.

వాడు నన్ను సూసి మెచ్చుకుంటాడా అని నిన్ను అడిగినా. మెచ్చుకుంటాడక్కా. వానికి మైకు కావాల, దొరికింది, వానికేం బాధ? నేనే వాన్ని సూసి తల ఎత్తుకోలేకుండా ఉండా.

నువ్వు తిట్టు. తిట్టేదానికి ఓపిక లేకుంటే ఒక గీత గీసి పంపు, తిట్టినావనుకుంటా.

ప్రసాద్.


చిత్తూరు,
26 జూలై 2025.

ఒరే మునిప్రసాదూ,

ఎవుర్రా నీకు చెప్పింది నేను సచ్చిపోతా ఉండానని?

సచ్చిపోయేది నువ్వు గదరా. గొంతులో కాయ అంటివి, ఆపరేషన్ అంటివి, నాకు రెండు నెలలు ఉండాది డాక్టరే చెప్పినాడు అంటివి. చిన్నప్పటి నేను ఇప్పటి నన్ను సూస్తే ఏమనుకుంటానో అని ఆరోగ్యంగా ఉండే మనిషి ఎవుడైనా అడుగుతాడా? మౌనం కతంతా నన్ను భయపెట్టకుండా అల్లినావనుకుంటి. అలిపిరి కాడ నుంచి మూడు వేల ఐదొందల మెట్లు మోకాళ్ళు పట్టుకొని ఎక్కినా. నడుము దాకా ఉన్న జుట్టు కొండ మీద ఇచ్చేసి వచ్చినా. వెంట్రుకలు ఎప్పుడొస్తాయని ఏబెలు అడిగినాడేమో అనుకొని, రావల్సిన టయానికి వస్తాయంటిని. రోగం ఎక్కడుండాదిరా ఇందులో?

నీ జాబు అందిన రోజే ఏబెలు చేత డాక్టరు నంబరు చెప్పించుకొని మీ బావ ఫోన్ చేసి కనుక్కొనె. "ఆయనకేం, గుండ్రాయి మాదిరి ఉండాడు" అన్నాడంట.

జూన్ 24 నాటి జాబులో రాసిందంతా వాపసు తీసుకుంటా ఉండా. నీ గొంతు పగిలిన కుండ. ఆ పచ్చ చొక్కా ఎవురికైనా ఇచ్చేయి. నీ ముక్కు ముందు నుంచీ ఎట్లుండాదో ఇప్పుడూ అట్లే ఉండాది. బెల్లం తిన్నది నువ్వే, నేను కాదు.

ఇంక ఆ రెండో సంగతి.

దాని గురించి నీతో ఇప్పుడు మాట్లాడను. మాట్లాడితే ఏమొస్తాదో నాకే తెలీదు. నాకు ఇంకో తొందర పని పెట్టినావు నువ్వు. సుబ్బులమ్మే నాయనకు చెప్పిందని, ఆ ముందురోజు మన గడపలో నిలబడి ఏందో గుసగుసలాడిందని, ఇన్నేండ్లు నమ్మినా. ఆమె చిత్తూరు వచ్చి నా కాడ కుట్టించుకొనేది మొదలుపెట్టి ఇరవై తొమ్మిదేండ్లు. ఆ ఇరవై తొమ్మిదేండ్లలో ఆమెకు ఎన్ని జాకెట్లు కుట్టినానో, అన్నిటికీ ఎడం చెయ్యి అర అంగుళం బిగువు పెట్టినా. ఒక్క జాకెట్టు కూడా ఇడిచిపెట్టలా.

ఇప్పుడు ఏం మొగం పెట్టుకొని పోయేది నేను?

పంకజాక్షి.


రేణిగుంట,
2 ఆగస్టు 2025.

అక్కకు, బతికుండావని తెలిసిన సంతోషంతో రాసేది.

నువ్వు తిట్టిన తిట్లన్నీ రూపశ్రీ నాకు గట్టిగా చదివి వినిపించె. రెండు మార్లు. దానికి నీ మీద ఉన్న కోపం సగం పాయె. "మెడ లోతు సంగతి ఇంకా ఉండాది" అని చెప్పమనింది, చెప్పినా.

నువ్వు రాసింది వాపసు తీసుకున్నావు, న్యాయమే. నేను రాసింది మాత్రం వాపసు తీసుకోలేకుండా ఉండా. పోస్టు డబ్బా కాడికి పోయి నిలబడి చూసినా గానీ, అది ముందే నీ చేతికి వచ్చేసె. నువ్వు పోతా ఉండావనుకొని రాసినా. నువ్వు ఉండావు, ఆ మాట కూడా ఉండాది. ఇద్దరితో ఎట్లా ఏగాలనో తెలీడం లేదు.

ఈడ సంగతి ముదిరింది. ఆగస్టు 24న స్వామి మౌనం ఇడుస్తాడని అమర్‌నాథ్ ఫ్లెక్సీ కొట్టించినాడు. నా ఫోటో వెనకాల సూర్యుడు. సాయంత్రం ఐదు గంటలకు మా సందు మొగదల, నా ఆటో మీదనే, నా మైకులోనే మొదటి మాట. ఆ మాట ఏందని జనం పందేలు కాస్తా ఉండారు. కాళహస్తి నుంచి కూడా వస్తారంట. నేను స్వామిని కాదని పలక మీద రాసి చూపిస్తే, "ఎంత అణకువ" అని ఆ పలకకే పసుపు పూసినారు.

ఆ రోజు రా అక్కా. నీ ముందర కాకుండా నేను నోరు తెరవలేను.

తమ్ముడు.


చిత్తూరు,
12 ఆగస్టు 2025.

మునిప్రసాదుకు,

సుబ్బులమ్మ ఇంటికి పోయొచ్చినా. ఆ సంగతి రాస్తా ఉండా, నిన్ను మన్నించినానని కాదు. ఎవురికన్నా చెప్పాల, మీ బావ నవ్వుతాడు.

రెండు కొత్త జాకెట్లు కొలతకు సరిగా కుట్టి తీసుకొని పోతి. ఆమె అరుగు మీద కూచొని ఎడం భుజానికి నూనె రాసుకుంటా ఉండాది. "ఏమ్మా ఇది" అంటే, "ముప్పై ఏండ్ల బాధలే. ఈ చెయ్యి లావెక్కింది. రాయవేలూరు పెద్దాసుపత్రిలో సూపిస్తిని, పుత్తూరులో కట్టు కట్టిస్తిని, మాత్రలు మింగతానే ఉండా. తగ్గదు" అనె.

కూచొని అంతా చెప్పినా. ఎనభై ఆరు, మైకు, ఆమే చెప్పిందనుకునేది, అర అంగుళం. ఆమె కండ్లార్పకుండా వినె. ఆ రోజు మన గడపలో గుసగుసలాడింది ఏందంటే, మన బర్రె ఆమె బీరపాదు తినేసిందంట, అది అమ్మకు చెప్పను వచ్చిందంట.

అంతా అయినాక, "అయితే నా చెయ్యి బాగుండాదా?" అనె.

"బాగుండాది పెద్దమ్మా."

ఆమె రెండు చేతులూ ముందరికి చాచి, పక్కపక్కన పెట్టి చాలాసేపు సూసుకొనె. తిడతాదేమో, మొగాన ఉమ్మేస్తాదేమో అనుకుంటి. లోపలికి పోయి కొత్త జాకెట్టు ఏసుకొని వచ్చె. "కుడి చెయ్యి వదులుగా ఉండాది" అనె. కుడిది ముందు నుంచీ సరిగ్గానే ఉండాది పెద్దమ్మా అంటే ఒప్పుకోలా. దాన్ని కూడా అర అంగుళం బిగించమనింది. అలవాటైపోయిందంట. ఇప్పుడు ఆమె చేతులు రెండూ బిగువే.

వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకొని ఒక మాట అడిగె. "ఆ రోజు నువ్వు ఏం మాట్లాడాలనుకున్నావే?"

నన్ను ఎవురూ అడగలేదురా ఆ మాట. నాయన అడగలా, అమ్మ అడగలా. నువ్వు కూడా అడగలా, ఎందుకంటే నీకు తెలుసు.

24 గురించి ఏమీ చెప్పలేను.

పంకజాక్షి.


రేణిగుంట,
26 ఆగస్టు 2025.

అక్కా,

మాట వచ్చినాక కూడా జాబే రాస్తా ఉండా. ఫోన్ చేస్తే నువ్వు పెట్టేస్తావని భయం. ఆదివారం నాతో ఒక్క మాట మాట్లాడకుండా సుబ్బులమ్మ పెద్దమ్మను పట్టుకొని బస్సెక్కేస్తివి. నువ్వు జనం పక్కకు తిరిగి ఉంటివి, వెనకాల ఏం జరిగిందో నీకు తెలీదు. అందుకని నాకు కనపడింది రాస్తా.

నువ్వు రావనే అనుకుంటి. ఐదింటికి ఏబెలు మైకు చేతికిచ్చినాడు. మున్నూరు మంది ఉండారు. అప్పుడు వెనక వరసలో సుబ్బులమ్మ పెద్దమ్మ కనపడె, ఆమె పక్కన తలకు తెల్లగుడ్డ కట్టుకొని నువ్వు.

ఏం చెప్పాలని రెండు నెలలు తయారైంటినో అంతా మర్చిపోతి. "ఈ మైకు మా అక్కది. తొమ్మిదేండ్లప్పుడు నేను దొంగతనంగా తీసుకున్నా. ఇచ్చేస్తా ఉండా" అంటిని. ఆ గొంతు నాది కాదు, ఎవురో ముసలాయనది మాదిరి ఉండాది. జనం, "ఎంత లోతు మాట" అని కండ్లు తుడుచుకొనె. నీకు దావ ఇచ్చినారు.

నువ్వు మైకు పట్టుకొని ఎంతసేపు నిలబడినావో నీకు తెలుసా? ఏబెలు పోయి బ్యాటరీ సూసి వచ్చినాడు. మళ్ళీ సూసినాడు. అప్పుడు నువ్వు, "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయినీ ఉపాధ్యాయులకు, తోటి విద్యార్థినీ విద్యార్థులకు" అన్నావు. అక్షరం తప్పలా. "మన దేశ జనాభా డెబ్బై ఐదు కోట్లు" దాకా వచ్చి ఆగిపోయినావు. "ఇది బాగలేదు" అన్నావు. మైకులోనే అన్నావు.

ఆ తర్వాత నువ్వు చెప్పింది ఈడ అందరికీ నోటికి వచ్చేసింది. "వీడు స్వామి కాదు. నా తమ్ముడు. గొంతులో కాయ తీసినారు, డాక్టరు మాట్లాడొద్దన్నాడు. పలక మీద ఉండింది మా మరదలు తెచ్చుకోవాల్సిన సరుకులు. నేను జాకెట్లు కుడతా. ఇరవై తొమ్మిదేండ్లు ఒకామెకు ఒక చెయ్యి బిగువు పెట్టి, చేయని తప్పుకు ఆమెను శిక్షించినా. మీకెవురికైనా చెయ్యి నొప్పి పుడతా ఉంటే, ముందు చేతిని కాదు, జాకెట్టును సూసుకోండి. ఇంటికి పొండి, పొద్దుగూకుతా ఉండాది."

నీకు కనపడింది ముందర ఉన్న ఆడోళ్ళు చేతులు తడుముకునేది. వెనకాల ఏం జరిగిందంటే, రూపశ్రీ గడప మీద కూచొని కడుపు పట్టుకొని నవ్వతా ఉండాది, నవ్వతానే ఏడస్తా ఉండాది. "వదినకు ఇంత నోరుందని నాకెవురూ చెప్పలేదే" అనె. నువ్వు దిగంగానే గుండు అమ్మ, గుండు అమ్మ అని నీ కాళ్ళ మీద పడేదానికి వచ్చినారు. అందుకే పరిగెత్తినావు, నాకు తెలుసు. నా గేటు కాడ మాత్రం ఇప్పుడు చెప్పులు లేవు. మాట్లాడే స్వామి ఎవురికి కావాల?

అమర్‌నాథ్ నీ అడ్రసు అడిగితే ఇచ్చినా. ఎందుకో నాకు చెప్పలా.

మన్నించినావా అక్కా? అడిగే హక్కు లేదు. ఊరికే ఉండలేక అడుగుతా ఉండా.

తమ్ముడు.


చిత్తూరు,
3 సెప్టెంబరు 2025.

అబ్బోడికి,

నీ జాబూ, అమర్‌నాథూ ఒకే రోజు వచ్చినారు. ఆయన కారేసుకొని మా షాపు ముందర దిగి, పది నిమిషాలు చెప్పులిప్పి నిలబడినాడు. నేను స్వామినీ కాదు అమ్మనూ కాదంటే, "అది నాకు తెలుసమ్మా, ఆ పొద్దు జనం గూడా విన్నారు" అన్నాడు. ఆయన వచ్చింది దసరా బట్టల గురించి. మైకులో నేను చెప్పాలంట. నువ్వు ఇప్పట్లో గట్టిగా అరవకూడదు గదా. ఏం చెప్పాలో రాసియ్యండి అంటే, "రాసిచ్చింది మీరు చదవరని సూస్తినే, మీకు తోచింది చెప్పండి, జనం నిలబడతారు" అన్నాడు.

ఆయన పోయినాక కత్తెర పట్టుకొని ఊరికే కూచున్నా. నువ్వు జూన్‌లో అడిగిందే నన్ను నేను అడుక్కున్నా. ఆ పద్నాలుగేండ్ల పిల్ల నన్ను సూస్తే ఏమనుకుంటాదని. ఆదివారం మైకు ముందర నేను అంతసేపు నిలబడింది భయంతో కాదురా. దాని కోసం ఎదురుసూస్తా ఉంటి. వస్తాది, చెంబు పట్టుకొని నా పక్కన నిలబడి సంతోషపడతాది అనుకుంటి. అది రాలా. ఆ స్పీచి చదవడం మొదలుపెట్టినాక తెలిసె, ఎంత చప్పగా ఉండాదో. అంతా రాఘవమ్మ టీచరు మాటలు, నాది ఒక్కటి లేదు. ముప్పై తొమ్మిదేండ్లు దీనికా నేను ఏడ్చింది అనిపించె. అప్పుడు నోటికొచ్చింది చెప్పినా. అది నాది. మంచో చెడో, అందులో ఎవురి మాటా లేదు.

ఆ పిల్ల మెచ్చుకుంటే మెచ్చుకోనీ, లేకుంటే లే. దానికి పద్నాలుగేండ్లు. నాకు యాభై మూడు. దాని కన్నా నాకు ఎక్కువ తెలుసు.

నీ తొమ్మిదేండ్లోన్ని కూడా అట్లే అనుకో. వాన్ని నేను పిలిచి రెండు పీకేదానికి లేదు, నువ్వు పిలిచి బుద్ధి చెప్పేదానికీ లేదు. మన ఇద్దరికీ అందేది నువ్వే.

మన్నించినావా అని అడిగినావు. తెలీదు. ఒక పొద్దు మన్నించినట్టుంటాది, ఇంకో పొద్దు ఆ బస్సు కిటికీ గుర్తొస్తాది. గుర్తొచ్చిన పొద్దు నీకు ఫోన్ చేసి తిడతా, నువ్వు వినాల.

రూపశ్రీని అడుగు, దాని చెల్లెలి జాకెట్టు ఇంకా ఉంటే పంపమను. మెడ సరి చేస్తా. లోతు ఎక్కువే పెట్టినా, ఒప్పుకుంటా ఉండా.

సోమవారం పది గంటలకు రేణిగుంటలో దిగుతా. ఏబెలును ఇంటికి పంపెయ్యి. ఆటో నువ్వే తోలాల. గుంతలు సూసుకొని మెల్లగా తోలు. నేను మాట్లాడేటప్పుడు మధ్యలో హారన్ కొట్టొద్దు.

అక్క.